ఎంత పడుకున్నా తీరని నిద్ర

ఆ ఇంట్లో పడుకున్న మనిషిని లేపడమంటే ఎదుటివాడి పళ్లెంలోంచి ముద్ద లాక్కోవడంతో సమానం. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆవిడకి వంటగది చూపించక ముందే ఈ నియమం చెప్పారు. తరాలుగా బేకరీ నడిపిన కుటుంబం. రాత్రంతా పొయ్యి సెగలో నిలబడి, జనం లేచేసరికి రొట్టెలు అందించి, జనం పనుల్లోకి వెళ్లేసరికి పక్క మీద వాలేవాళ్లు. పట్టపగలు ఆ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉందంటే పోస్టుమాన్ కూడా మునివేళ్ల మీద నడిచేవాడు.

కష్టపడ్డ ఒంటికి ఆ నియమం న్యాయమే. చిక్కేమిటంటే, బేకరీకి యంత్రాలొచ్చాయి, రాత్రి పని మేనల్లుడు చూసుకుంటున్నాడు, ఆవిడ మొగుడు, అంటే ఇంటాయన, పదకొండింటికి తీరిగ్గా వెళ్లి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నాడు. అందరికీ పని తగ్గింది గానీ నియమం మాత్రం రిటైరు కాలేదు.

ఇంటాయన్ని వీధిలో అందరూ మాస్టారు అంటారు. పాఠాలు చెప్పే మాస్టారు కాదు, కేకులు చేసే మాస్టారు. రాత్రి వార్తలు పూర్తవక ముందే పడుకుంటే మర్నాడు ఎండ మంచమెక్కాక లేస్తాడు. లేచాక కూడా ముఖం చూస్తే ఇప్పుడే పడుకోబోతున్నవాడిలా ఉంటుంది.

ఒకరోజు పొద్దున ఆయన అలా పడుకుని ఉండగానే ఆవిడ పేపరు తిరగేస్తూ ఒకచోట ఆగింది. ఎదురుగా ఆడపడుచు, అంటే ఆయన అక్క, బన్ను కాఫీలో ముంచుకుని తింటోంది. ఆమెది పక్కవీధే. కాఫీకి మాత్రం తమ్ముడి ఇల్లే.

"వదినా, ఇది విన్నారా? రోజూ తొమ్మిది గంటలకి మించి నిద్రపోయేవాళ్లలో పక్షవాతం ఎక్కువగా కనబడుతోందట."

"తక్కువ పడుకుంటే ఒక రోగం, ఎక్కువ పడుకుంటే ఇంకో రోగం. ఈ పేపరువాళ్లకి నిద్ర పట్టక రాస్తారు," అంది వదిన. "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు పెద్దలు. మా నాన్నకేమైంది? అంతంత సేపు పడుకునేవాడు. ఆ రోజైతే మధ్యాహ్నం దాకా లేవలేదు. మేమెవరం కదిలించలేదు. నీ మొగుడే దుప్పటి సర్ది, తలుపేసి వచ్చాడు."

"ఆ రోజేగా వదినా, మావయ్యగారికి మూతి వంకరపోయింది?"

"అది లేచాక సంగతి."

ఆవిడ పేపరు మడిచింది. ఆ కథ ఆవిడ చాలాసార్లు విన్నది, విన్నప్పుడల్లా రెండు కథలుగానే విన్నది. మావయ్యగారు హాయిగా నిద్రపోయిన కథ ఒకటి. మాట పడిపోయి రెండేళ్లు మంచాన ఉన్న కథ ఇంకొకటి. రెండూ ఒకే పూట జరిగాయని ఇన్నేళ్లలో ఆవిడకి తట్టలేదు. మూతి వంకరపోయింది లేచాకేనని ఎవరు చూశారు? చూడాలంటే లేపాలి కదా. లోపలి గదిలోంచి గురక వినబడుతోంది. తండ్రికి అది జరిగిన వయసుకి ఈయన దగ్గర పడుతున్నాడు.

మర్నాటి నుంచి ఆవిడ యుద్ధం మొదలుపెట్టింది. నియమం లేపకూడదన్నది గానీ, చప్పుడు చేయకూడదని ఎక్కడా చెప్పలేదు. తెల్లారగానే కిటికీ తెరలు తీసేది. గిన్నెలన్నీ ఆ గది గుమ్మం దగ్గరే తుడిచేది. ఒకనాడు అలారం గడియారాన్ని ఆయన దిండు కింద పెట్టి, ఏమీ ఎరగనట్టు కాఫీ కలుపుతూ నిలబడింది.

"ఏమైందే, ఇల్లు కూలుతోందా?" అంటూ ఆయన లేచి కూర్చున్నాడు.

"లేదండీ, ఆరైంది."

"ఆరు రోజూ అవుతుంది. దానికి నన్ను లేపడమెందుకు?"

వారం తిరిగేసరికి ఆయన ఆరింటికి లేవడం అలవాటు చేసుకున్నాడు. ఆవిడ లోలోపల మురిసిపోయింది. ఆ మురిపెం కాస్తా ఒక మధ్యాహ్నం మేనల్లుడి ఫోనుతో దిగిపోయింది.

"అత్తయ్యా, మావయ్య ఒక పుట్టినరోజు కేకు మీద పేరు రాస్తూ నిద్రపోయారు. చివరి అక్షరం కేకు దిగి బల్ల మీదకి వచ్చేసింది. పేరెవరిదో గానీ చాలా పొడుగైపోయింది."

విషయం చెవిన పడగానే వదిన వచ్చేసింది. "చూశావా నీ వైద్యం? రేపు ఏ వేడి పెనం మీదో తూలి పడితే? నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు, నిద్ర నటించేవాణ్ణి లేపలేమంటారు. మావాడికి నటన రాదమ్మా, నిజంగానే నిద్రొస్తోంది."

వెక్కిరింతకే అన్నా ఆ మాట ఆవిడని పట్టుకుంది. నిజంగానే నిద్రొస్తోంది. తను లేపడం మొదలుపెట్టక ముందు మాత్రం? క్షౌరం చేయించుకుంటూ కునికేవాడు. భోజనం ముందు కూర్చుని, వడ్డించేలోపు కునికేవాడు. కుండలో ఎంత పోసినా నిండటం లేదంటే నీళ్లని తగ్గించి లాభమేమిటి, కుండ అడుగు చూడాలి గానీ. ఆవిడ ఇన్నాళ్లూ నీళ్లతో పోట్లాడుతోంది.

ఆ సాయంత్రమే ఆయన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ చేతికి పట్టీ కట్టి బీపీ చూసింది. విప్పి, మళ్లీ కట్టి చూసింది. మొదటిసారి వచ్చిన అంకె ఆమెకి నచ్చలేదని ఆవిడకి అర్థమైంది.

"ఎక్కువ నిద్రపోయేవాళ్లలో పక్షవాతం ఎక్కువ కనబడుతుందన్న మాట నిజమేనమ్మా," అంది డాక్టరమ్మ. "కానీ ఆ నిద్రే జబ్బు తెస్తోందా, లోపలున్న ఇంకేదో ఇటు నిద్రనీ అటు జబ్బునీ రెంటినీ తెస్తోందా అన్నది గట్టిగా చెప్పలేం. మీరు నిద్రలో కోత పెడితే ఆ లోపలిది పోదు. ఈయన గురక పెడతారా?"

"ఆ గురకకి భయపడే నేను పక్కగదికి మారి ఏళ్లయింది," అని ఆవిడ నవ్వింది.

"మధ్యమధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందా?"

ఆవిడకి మొగుడి ఏ చొక్కాకి ఏ గుండీ వదులైందో తెలుసు. ఊపిరి సంగతి తెలియదు.

"అలా ఆగుతుంటే ఎంతసేపు పడుకున్నా ఒంటికి విశ్రాంతి దొరకదు, బీపీ కూడా పెరుగుతుంది. బీపీ పెరిగితే పక్షవాతం భయం ఉంటుంది. ఒక రాత్రి ఇక్కడ పడుకోబెట్టి పరీక్ష చేస్తాం. ఈలోపు మూతి వంకరపోయినా, చెయ్యి బలహీనపడినా, మాట తడబడినా, పడుకుంటే తగ్గుతుందిలే అని మాత్రం ఊరుకోకండి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే."

ఆయన అప్పటిదాకా గోడ మీది బొమ్మలు చూస్తున్నవాడు చటుక్కున లేచాడు. "నిద్రలో కూడా పరీక్షలేంటమ్మా? ఆ ఒక్క సబ్జెక్టులో నేను ఎప్పుడూ ఫస్టు క్లాసే. మాత్రలు రాయండి, వేసుకుంటాను."

దారిపొడవునా ఆవిడ రెట్టించలేదు. పట్టుబడితే ఆయన ఇంకా బిగుసుకుంటాడు, పిండి ఎక్కువ పిసికితే రొట్టె గట్టిపడ్డట్టు. ఇది ఆయన నేర్పిన విద్యే.

ఆదివారం మధ్యాహ్నం ఆయన సోఫాలో వెల్లకిలా నిద్రపోయాడు. ఆవిడ ఫోను రికార్డింగులో పెట్టి, ఆయన తలవైపు బల్ల మీద ఉంచి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఏళ్ల తరవాత మొగుడు నిద్రపోతుంటే దగ్గరగా చూడటం అదే. గురక ఎక్కింది, ఎక్కింది, తాడు తెగినట్టు ఆగింది. పొట్ట ఎగరేస్తున్నాడు, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. ఆవిడ చెయ్యి ఆయన భుజం దాకా వెళ్లింది. అంతలో పెద్ద శబ్దంతో ఊపిరి వచ్చింది. ఆయన కళ్లు తెరవలేదు. కొంతసేపటికి మళ్లీ అలాగే.

సాయంత్రం వదిన ఉన్నప్పుడే ఆవిడ ఫోను బల్ల మీద పెట్టి నొక్కింది.

"ఎక్కడిదే ఇది, రంపపు మిల్లా?" అని ఆయన నవ్వాడు.

"మీదేనండీ."

"నాన్న వారసత్వం," అంది వదిన గర్వంగా.

అంతలో శబ్దం ఆగింది. ఫోనులోంచి గోడగడియారం చప్పుడు వినబడింది. వీధిలో ఎవరో బండి తోలుకుపోయారు.

"అయిపోయిందా?"

"లేదు, వినండి."

ఆయన ముందుకు వంగాడు. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది గానీ దాని వెనక ఎవరూ లేరు. "ఏదీ?" అన్నాడు. ఇంకాసేపటికి, "ఇంకా రాదేంటే?" అన్నాడు, ఎవరో పరాయివాడి గురించి కంగారు పడుతున్నట్టు. తను కూడా ఊపిరి బిగబట్టాడని ఆయనకి తెలియదు. అప్పుడు ఫోనులోంచి, నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు, ఆ పెద్ద శబ్దం వచ్చింది. వదిన చేతిలోని కప్పు కింద పెట్టేసింది.

ఆయన ఫోను తీసుకుని వెనక్కి జరిపి ఆ చోటే మళ్లీ విన్నాడు.

"నాన్నదీ ఇలాగే ఆగేది అక్కా," అన్నాడు చివరికి. "ఆగినప్పుడల్లా మనం, అమ్మయ్య, గురక తగ్గింది, ఇప్పుడు మంచి నిద్ర పట్టింది అనుకునేవాళ్లం."

పేపరు కబురు నిజమైందన్న సంతోషం తనలో ఎక్కడైనా ఉంటుందేమోనని ఆవిడ వెతుక్కుంటే దొరకలేదు.

"ఆ పరీక్ష ఎప్పుడు చేస్తానంది డాక్టరమ్మ?"

"మనం ఎప్పుడంటే అప్పుడు."

"రేపు ఫోన్ చేసి అడుగు. దిండు నాదే తెచ్చుకోవచ్చో లేదో కూడా కనుక్కో," అని ఆయన లేచి బేకరీ తాళాలు తీసుకుని బయటికి నడిచాడు.

వదిన కూడా వెళ్లడానికి లేచింది. చెప్పులు వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, కొంగు అంచు చేతికి చుట్టుకుంటూ, వీధివైపే చూస్తూ అంది:

"ఇదిగో మరదలా, రేపు మధ్యాహ్నం నేనిక్కడే నడుం వాలుస్తాను. ఆ ఫోను కాస్త నా తల దగ్గర కూడా పెట్టు. మావాడికి చెప్పకు, ఏడిపించి చంపుతాడు."

"చార్జింగ్ పెట్టి ఉంచుతాను వదినా," అంది ఆవిడ.