కాలిపట్టు

ఆడే రోజుల్లో తారకేశ్వరరావు కాలు అందుకోవడం ఎవరి తరమూ కాలేదు. పలాస నుంచి రైల్వే జట్టుకెళ్లిన కబడ్డీ ఆటగాడు. అతను కూత పెడితే ఇంజను సిగ్గుపడి తన కూత మానుకునేదని జనం అనేవారు. ఎవరికీ కాలివ్వని ఆ మనిషి, ఆట మానేశాక తోటి ఆటగాళ్ల కోసం అందరి కాళ్లూ పట్టుకున్నాడు. మోకాలు పోయి కాంట్రాక్టు ఊడినవాడికి వాచ్‌మన్ పని కోసం ఒక ఆఫీసరు కాళ్లు, నడుం పడిపోయినవాడి ఆపరేషన్ కోసం ఒక డాక్టరు కాళ్లు. "కూత కూడు పెట్టదని తేలిపోనాది, ఇంక కాళ్లే గతి" అని నవ్వేవాడు.

పాపారావు దగ్గర మాత్రం ఆ విద్య పారలేదు. వజ్రపుకొత్తూరు తీరం వాడు, ఫ్యాక్టరీ జట్టులో కూతకొచ్చినవాడి చీలమండ దొరకబుచ్చుకునే కాలిపట్టుకు పేరు మోసినవాడు. ఉద్దానంలో ఎందరికో పోయినట్టే అతనికీ కిడ్నీలు పోయాయి. వారం వారం రైల్లో విశాఖ తీసుకెళ్లి డయాలసిస్ చేయించేది తారకేశ్వరరావే. 2004 వేసవిలో ఇక రానని పాపారావు మొండికేశాడు.

"డయాలసిస్సంటే ఏటనుకున్నావు బావా? డై ఆలస్యం. సావు కూసింత లేటు. మన పాసింజరు లాగే."

"పట్టు పడితే ఒగ్గడన్నయ్యా, నీకు తెల్దా?" అంది అతని భార్య గౌరి.

ఆటలో అవుటైనవాణ్ణి ఆ ఒడ్డున 'చచ్చాడు' అంటారు. జట్టుకు పాయింటొస్తే, గీత బయట కూర్చున్నవాడు 'బతికి' లోపలికొస్తాడు. తారకేశ్వరరావు ఆ భాషలోకే దిగాడు.

"జిల్లా జట్టుల నువ్వు సచ్చి కూకున్నప్పుడల్లా కూతకెళ్లి బతికించింది ఎవుడ్రా? ఆదివారం టెక్కలిల పాత ఆటగాళ్ల మేచ్ ఎట్టేను. ఆ టిక్కెట్ల మీద జీపు మాటాడేను. సోమారం నీ గుమ్మంలోకే వొత్తాది. రైలొద్దు, నడకొద్దు. అందాక గీత బయట కూకో."

పాపారావు గోడకు జారగిలబడ్డాడు.

"సర్లే. బేగి తే పాయింటు."

ఆదివారం టెక్కలి మైదానం నిండిపోయింది. తారకేశ్వరరావే అంపైరు. ఆట మంచి ఊపు మీదుండగా గౌరి తమ్ముడు జగదీష్ జనాన్ని తోసుకుంటూ వచ్చి చెవి దగ్గర వంగాడు.

"పాపారావు బావ సచ్చిపోనాడు."

తారకేశ్వరరావు కళ్లు గీత మీదే ఉన్నాయి.

"కూకోమను. పాయింటొత్తే లెగుత్తాడు."

జగదీష్ కదల్లేదు. అప్పుడు తారకేశ్వరరావు తిరిగి చూశాడు, ఆ కుర్రాడి మొహంలోకి. మైదానంలో కూతకెళ్లినవాడి దమ్ము మధ్యలోనే తెగిపోయింది. ఈల వేయాల్సినవాడు వేయలేదు.

సోమవారం పొద్దున్నే, చెప్పినట్టే, జీపు గుమ్మంలోకి వచ్చింది. పాత ఆటగాళ్లు దిగారు. పాపారావును పాడె మీదికి ఎత్తడానికి తలా ఒక చెయ్యి వేశారు. తారకేశ్వరరావు కాళ్ల వైపు వంగి రెండు చీలమండలూ పట్టుకున్నాడు. పడుకోబెట్టేశారు. మిగతావాళ్లు చేతులు తీసేశారు. అతని పట్టు సడల్లేదు.

"ఒగ్గీ అన్నయ్యా" అంది గౌరి.