దర్జీకి పడక ఎక్కడ

వంతెన కొట్టుకుపోయిన వరద కాదు, దాని తరువాతిది. జైలు వంటగదిలో చేపలు ఈదిన వరద. ఇది ఆ ఏడు జరిగింది. అప్పుడు నేను వార్డరును.

కింది గదులు మునిగాయి. ఖైదీలందరినీ పై హాల్లోకి ఎక్కించాము. మా దగ్గర మనుషుల్ని కేసును బట్టి విడదీసేవారు. దొంగలు ఒక గది, కొట్లాటలవాళ్ళు ఒక గది, చావు కేసులు ఒక గది. మనిషి ఎలాంటివాడని చూసే అలవాటు లేదు. అందుకే చావు కేసుల గదిలో ఒక దర్జీ ఉండేవాడు. గుప్పెడు మనిషి. బావమరిదితో మాటా మాటా పెరిగి తోశాడు. అతను మెట్ల మీద నుంచి పడి చనిపోయాడు. అదే దర్జీ కేసు.

ఆ గదిలోనే దున్న ఉండేవాడు. ఖైదీలు పెట్టిన పేరది. దర్జీ తిండి దున్న తినేవాడు. దీపం ఆర్పాక ఇంకేం చేసేవాడో దర్జీ ముఖం చూస్తే తెలిసేది. ఎవరూ నోరు విప్పేవారు కాదు.

పై హాల్లో దర్జీ మా కాపలా బల్ల పక్కన చేరాడు. నిద్రపోయేవాడు కాదు, గోడకి వీపు ఆనించి కూర్చునేవాడు. నీళ్ళు తీశాయి. రేపు ఎవరి గదికి వాళ్ళు పోవాలన్నారు. దర్జీ వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు.

"బాబాయ్, ఆ గదికి మాత్రం పంపొద్దు. మీ కాళ్ళు పట్టుకుంటా."

జైలరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆవిడ కొత్తగా వచ్చింది. తడిసిన ఫైళ్ళు బల్ల మీద ఆరబెట్టుకుంటోంది. దర్జీ చెప్పిందంతా విన్నది.

"భయపడకు నాయనా. ఒంటరి గది ఇస్తాను. తాళం వేస్తే ఈగ కూడా దూరదు."

"అందులో కుట్టుమిషను పెట్టనిస్తారా అమ్మా?"

"చోటు చాలదయ్యా."

"బయటికి రానిస్తారా?"

"పొద్దున కాసేపు."

"మరి కొట్టింది వాడు, తాళం నాకా అమ్మా?"

ఆవిడ నావైపు తిరిగింది. "మీరేమంటారు పెద్దాయనా? స్తంభంలా నిలబడ్డారు."

"తాళం వాడికే," అన్నాను.

"సరే. అయితే వాడేం చేశాడో మళ్ళీ చెప్పు, రాసుకుంటాను."

దర్జీ నీరుగారిపోయాడు. "నన్నొక్కణ్ణే పిలిచి రాసుకుంటే చాడీలవాడు అంటారు. వాడు కాకపోతే ఇంకొకడు తంతాడు. అందర్నీ అడగండమ్మా. వాణ్ణి కూడా."

వరద జ్వరాలకని కాంపౌండరు ఎలాగూ అందరినీ చూడాలి. ఆవిడ గదులు మార్చడం ఒక రోజు ఆపింది. మరునాడు ఒక్కొక్కరినే లోపలికి పంపి తలుపు వేశాను. కాంపౌండరు నాలుక చూశాడు, ఆవిడ ఒకే మాట అడిగింది: "ఎవరి పక్కన పడుకుంటే నీకు నిద్ర పట్టదు?"

చాలామంది ఒకటే పేరు చెప్పారు. దున్ననీ అడిగింది.

"నాకు ఎక్కడైనా పడుతుందమ్మా," అన్నాడు వాడు.

"చాలా సంతోషం," అని వాణ్ణి ఒంటరి గదికి రాసింది.

కేసుల లెక్క పక్కన పెట్టారు. పీలగా ఉన్నవాళ్ళను, ముసలివాళ్ళను, గొడవల జోలికి పోనివాళ్ళను ఏరి కుట్టు షెడ్డు పక్క గదిలో వేశాము. దర్జీ చాప నేనే పరిచాను.

ఇంటికి పోయి చెబితే మా ఆవిడ గరిటె పట్టుకుని ఆగిపోయింది.

"జైలరమ్మ ముందు నోరు తెరిచారా? కూరలో ఉప్పు తక్కువైందని నాకెప్పుడైనా చెప్పారా?"

"తక్కువైంది," అన్నాను.

మర్నాడు పొద్దున్నే కుట్టు షెడ్డు పక్క గది తాళం తీశాను. అందరూ తలల లెక్కకి లేచి కూర్చున్నారు, దర్జీ తప్ప. నోరు తెరిచి, కాళ్ళు బార్లా చాపి గురక పెడుతున్నాడు. పక్క చాప మీది ముసలి దొంగ ఎర్రటి కళ్ళతో నా మీదికి వచ్చాడు.

"వార్డరు గారూ, రాత్రంతా రంపం పెట్టి కోశాడండీ వీడు. నన్ను ఇంకో మూలకి మార్చండి!"

"మారుస్తా," అన్నాను.

అతను దర్జీని లేపబోతే వద్దని చేయి ఊపాను. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, ముందు అవతలి గది లెక్కకి వెళ్ళాను.