సరి పానాలు, బేసి పానాలు

కారు స్టీరింగ్ చక్రం ఊడదీయడానికి కావలసినవి నాలుగే నాలుగు. నట్టుకి తొడిగే ఇరవై రెండో నంబరు సాకెట్, దాన్ని తిప్పడానికి ఒక హ్యాండిల్, చక్రాన్ని పైకి లాగే పుల్లర్, ఆ పుల్లర్‌ని చక్రానికి బిగించే బోల్టులు రెండు. ఆ నాలుగూ ఆ ఇంట్లోనే ఉన్నాయి. అదే ఆవిడ ఖర్మ. లేకపోయి ఉంటే లేవని తేల్చుకుని, హాయిగా ఇంకో దారి వెతుక్కునేది.

ఇల్లు రెండంతస్తులది. కింద ఆవిడా, భర్తా. పైన బావగారూ, తోడికోడలూ. అన్నదమ్ములిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఆరేళ్ళయింది. మెట్ల మీద ఎదురుపడితే ఒకరు గోడవైపు చూస్తారు, ఇంకొకరు చెప్పులవైపు చూసుకుంటారు. మిగతా సంసారమంతా ఆడవాళ్ళిద్దరి నోళ్ళమీదుగా నడిచిపోతూ ఉంటుంది.

ఆవిడ ఆడవాళ్ళకి కారు నడపడం నేర్పుతుంది. ఒక పాత కారు, పదకొండు మంది శిష్యురాళ్ళు, రోజంతా పక్క సీట్లో కూర్చుని ప్రాణం అరచేతిలో పెట్టుకోవడం. రేపు ఉదయం పదింటికి ఆ కారుకి తనిఖీ. అందులో నెగ్గితే ఇంకో ఏడాది నేర్పుకోవచ్చు. తప్పితే మళ్ళీ తారీఖు దొరికేది నాలుగు నెలల తరవాతే. అంతకాలం పదకొండు మందీ ఆగరు. ఇద్దరు ముగ్గురు అప్పుడే కొత్త డ్రైవింగ్ స్కూలు గురించి మాట వరసకి అన్నట్టు అడుగుతున్నారు.

కారులో అన్నీ బాగానే ఉన్నాయి, హారన్ తప్ప. నిన్నటినుంచి ఎంత నొక్కినా దానికి ఉలుకూ పలుకూ లేదు. చక్రం వెనక ఉండే ఇత్తడి రింగు విరిగింది. కొత్త రింగు నిన్న సాయంత్రమే కొని తెచ్చుకుంది. చక్రం తీయడం, రింగు మార్చడం, చక్రం పెట్టడం, అంతా కలిపి అరగంట పని. కాకపోతే ఇవాళ సెలవు. ఊళ్ళో మెకానిక్కు అన్నవాడెవడూ షట్టరు ఎత్తలేదు.

"మెకానిక్కు కొడుకుని నేనుండగా నీకు మెకానిక్కు దేనికి?" అన్నాడు భర్త.

మెకానిక్కు కొడుకే, కాదనడానికి లేదు. కానీ తపాలా ఆఫీసు కౌంటరులో కూర్చుని ముద్రలు కొట్టుకునే మనిషి. బావగారిది కళ్ళద్దాల దుకాణం. తండ్రి బతికుండగా ఆయన షెడ్డు ఛాయలకి వెళ్ళాలంటే ఇద్దరికీ ఒళ్ళు జలదరించేది, చొక్కాకి గ్రీజు అంటుతుందని. ఆ షెడ్డులో బల్బు పట్టుకుని నిలబడి, అడిగిన పానా అడిగినట్టు అందించి, ఐదేళ్ళపాటు పని చూసింది చిన్నకోడలైన ఆవిడే. కారు నడపడం నేర్పింది కూడా మామగారే.

ఆయన పోయాక షెడ్డు అద్దెది కాబట్టి ఖాళీ చేశారు. మిగిలింది సామాన్ల పెట్టె. దాని పంపకానికి దగ్గర బంధువు ఒకాయన్ని పిలిచారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. న్యాయం అంటే సగానికి సగం అని ఆయన నమ్మకం. సాకెట్లలో సరిసంఖ్యలన్నీ పెద్దవాడికి, బేసిసంఖ్యలన్నీ చిన్నవాడికి ఇచ్చాడు. వాటిని తిప్పే హ్యాండిల్ చిన్నవాడికిచ్చాడు కాబట్టి పుల్లర్ కమ్మీ పెద్దవాడికి, మళ్ళీ పుల్లర్ బోల్టులు చిన్నవాడికి. కొలత టేపు ఒక్కటే ఉందని దాన్ని సరిగ్గా మధ్యకి కత్తిరించాడు. చిన్నవాడి ముక్క ఒకటిన్నర మీటరు దగ్గర మొదలవుతుంది. ఆవిడ భర్త ఈరోజుకీ కిటికీ పరదా కొలిచినా ఒకటిన్నర తీసేసి చెబుతాడు. ఇంత న్యాయం జరిగాక కూడా, నీకు మంచివి వెళ్ళాయంటే నీకే వెళ్ళాయని ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. అదే ఆఖరు మాట.

పొద్దున తొమ్మిదింటికి వెతకడం మొదలైంది. సాకెట్ హ్యాండిల్ వంటింటి కిటికీ రెక్కకి అడ్డుగా దొరికింది. పుల్లర్ బోల్టుల్లో ఒకటి స్నానాల గదిలో తువ్వాలు తగిలించే కొక్కెమై ఉంది. రెండోది ఎక్కడుందో భర్తకి గుర్తులేదు. గుర్తులేదని ఒప్పుకోడు కూడా. మంచాల కింద, అటక మీద, చెప్పుల అరలో వెతికి వెతికి, చివరికి ఆయన పాత ఆఫీసు బ్యాగులో, ఆయన తప్ప ఎవరూ పెట్టడానికి వీల్లేని చోట దొరికింది.

"ఇక్కడ ఎవరు పెట్టారు?" అన్నాడు.

ఆవిడ బోల్టు అందుకుని కారు దగ్గరికి నడిచింది. జవాబు చెబితే ఇంకో గంట పోతుంది.

అప్పటికి పదకొండయింది. ఆవిడ బ్యాటరీ తీగ విప్పి, చక్రం మధ్యనున్న హారన్ మూత తీసిపెట్టింది. లోపల నట్టు కనిపించింది. భర్త తన వాటా సాకెట్లన్నీ వరసగా పేర్చుకున్నాడు. ఇరవై ఒకటి నట్టు మీదికి ఎక్కలేదు. ఇరవై మూడు ఎక్కి గిరగిరా తిరిగింది.

"ఇరవై రెండు కావాలండి," అంది ఆవిడ.

"తెలుసు."

"పైన ఉంది."

"పైనుందని కూడా తెలుసు. ఇరవై మూడులో గుడ్డ ముక్క కూరితే సరిపోతుంది."

గుడ్డ ముక్క కూరాడు. సాకెట్ జారి, నట్టు అంచు చెక్కుకుపోయింది. ఇంకో రెండుసార్లు అలాగే జారితే ఆ నట్టు ఇక ఏ సాకెట్‌కీ లొంగదు. మామగారు చూస్తే ఈ కొడుకుని ఆ కారు దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు. ఆవిడ హ్యాండిల్ భర్త చేతిలోంచి లాక్కుని, సీటు మీద పడేసి మెట్లెక్కింది.

తోడికోడలు తలుపు తీసింది. సంగతి విని, "నన్నడిగితే మొత్తం పెట్టె ఇచ్చేస్తానే. తాళంచెవి ఆయన మొలకి ఉంది," అంది.

బావగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. ఇనప్పెట్టె తెరిచారు. సరిసంఖ్యల సాకెట్లన్నీ కళ్ళద్దాల డబ్బాల్లో, ఒక్కోటీ ఒక్కో డబ్బాలో, మెత్తని గుడ్డ చుట్టి పడుకోబెట్టి ఉన్నాయి. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా వాటిని దేనికీ వాడలేదు.

"వాడికివ్వను," అన్నారు.

"నాకివ్వండి బావగారూ."

"నీకిస్తే వాడి చేతికి పోతుంది. నేనే వచ్చి నేనే పట్టుకుంటాను."

అలా మధ్యాహ్నం పన్నెండున్నరకి అన్నగారు డ్రైవరు సీట్లో, తమ్ముడుగారు పక్క సీట్లో చేరారు. సాకెట్ ఒకరిది, హ్యాండిల్ ఇంకొకరిది. ఎవరి వస్తువు వాళ్ళు వదలరు. ఆవిడ కిటికీ బయట నిలబడింది.

"హ్యాండిల్ తగిలించమని చెప్పమ్మా."

"తగిలించానని చెప్పు."

"కుడికి తిప్పుతున్నాడేంటి, ఎడమకని చెప్పు."

"ఎడమకే తిప్పుతున్నానని చెప్పు. ఆయన అటునుంచి చూస్తున్నాడు."

"ఇద్దరూ వినండి. చక్రం తీసేముందు, అది కూర్చునే కడ్డీ మీదా చక్రం మీదా కలిపి ఒక గీత పెట్టండి. లేకపోతే మళ్ళీ పెట్టేటప్పుడు వంకర వస్తుంది. నట్టు మొత్తం తీసేయకండి, నాలుగు చుట్లు వదులు చేసి ఆపండి. చక్రం ఒక్కసారిగా ఊడి మొహానికి తగులుతుంది," అంది ఆవిడ.

"తెలుసు," అన్నారు ఇద్దరూ. ఆరేళ్ళ తరవాత వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చిన సంగతి అదొక్కటే.

నట్టు సంగతి విన్నారు, మొహాలు ఎవరివి వాళ్ళకి ముద్దు కాబట్టి. గీత సంగతి ఇద్దరికీ చెప్పింది కాబట్టి ఎవరికీ చెప్పనట్టే అయింది. తమ్ముడు పెట్టి ఉంటాడని అన్న, అన్న పెట్టి ఉంటాడని తమ్ముడు. అడుగుదామంటే మాటల్లేవు. ఆవిడ కొత్త రింగు తెద్దామని లోపలికి వెళ్ళి వచ్చేసరికే పుల్లర్ బిగించడం, లాగడం, నట్టు తీసేయడం, చక్రం అన్నగారి ఒళ్ళో పడడం అన్నీ అయిపోయాయి. రింగు మార్చారు. చక్రం పెట్టి బిగించారు. బ్యాటరీ తీగ కలిపి హారన్ నొక్కితే వీధి చివరిదాకా వినిపించింది.

అన్నగారు తన సాకెట్, తన కమ్మీ తుడుచుకుని పైకి పోయారు. తమ్ముడుగారు తన బోల్టులు జేబులో వేసుకుని, "చూశావా, ఎంతసేపు," అన్నాడు.

ఆవిడ కారు తీసి వీధిలోకి వెళ్ళింది. చక్రాన్ని నిటారుగా పట్టుకుంటే కారు ఎడమ పక్క కాలవలోకి పోతానంటోంది. కారు తిన్నగా పోవాలంటే చక్రం కుడికి ఒరిగిపోతోంది. తనిఖీ అధికారి మొట్టమొదట చూసేదే అది. తిన్నని రోడ్డు మీద చక్రం వదిలేయమని, అది నిటారుగా నిలుస్తుందా అని చూస్తాడు. వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, కారు ఆపి, రెండు నిమిషాలు అందులోనే కూర్చుంది. ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చినా బాగుండేది.

భర్త వంగి చూశాడు. "కొంచెమే వంకర. అలవాటైపోతుంది."

"నాకు అలవాటైపోతుంది. నేను నేర్పే పదకొండు మందికీ కూడా వంకర చక్రమే అలవాటు చేయమంటారా?"

ఆవిడ మెట్ల దగ్గరికి వెళ్ళి, పై అంతస్తుకి వినపడేలా బావగారిని పిలిచి, చక్రం వంకర వచ్చింది, సాకెట్ మళ్ళీ కావాలంది. ఆ ఇంట్లో ఆవిడ గొంతు అంత పెద్దగా వినడం ఎవరికీ అలవాటు లేదు. బావగారు మెట్ల మధ్యదాకా వచ్చి ఆగారు.

"ఒకసారి ఇచ్చాను కదమ్మా. మళ్ళీ కావాలంటే ఈసారి వాణ్ణి అడగమను."

"ఆయన అడగరు. మీరు ఇవ్వరు. రేపు పదింటికి నా పని పోతుంది. మీకు దుకాణం ఉంటుంది, ఆయనకి కౌంటరు ఉంటుంది, నాకేమీ ఉండదు," అంది. "మామగారు పోయిన పదమూడో రోజున మీరిద్దరూ పానాలు పంచుకున్నారు. నేను అందరికీ టీలు పోస్తూ చూస్తున్నాను. నీకేమైనా కావాలా అని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నన్నడగలేదు. ఆ షెడ్డులో ఆయన పక్కన నిలబడింది నేను. ఆయన పని నేర్పింది నాకు. మీకు గ్రీజు వాసన పడదు. ఆయన సామానుకి ఒకరు తువ్వాళ్ళు తగిలించుకుంటున్నారు, ఒకరు దాన్ని కళ్ళద్దాల డబ్బాల్లో పెట్టి తాళం వేసుకుంటున్నారు. నాకు చెప్పలేనంత కోపంగా ఉంది బావగారూ. ఆరేళ్ళనుంచీ ఉంది."

పైన తోడికోడలు గడపలో నిలబడి, "నీకు చెప్పలేదుటే, తాళంచెవి ఆయన మొలకే ఉందని," అని మొగుడికి వినపడేలా గొణిగింది.

బావగారు పైకి వెళ్ళారు. కళ్ళద్దాల డబ్బాలన్నీ, పుల్లర్ కమ్మీతో సహా, ఒక బుట్టలో వేసుకుని దిగివచ్చారు. ఈసారి డ్రైవరు సీట్లో ఆయన కూర్చోలేదు. తలుపు తీసి పట్టుకున్నారు.

ఆవిడ కూర్చుంది. ముందుచక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో దిగి చూసుకుని, మళ్ళీ కూర్చుని చేయి చాపింది.

"ఇరవై రెండు."

బావగారు అందించారు.

"హ్యాండిల్."

భర్త అందించాడు.

నట్టు నాలుగు చుట్లు వదులు చేసింది. పుల్లర్ కమ్మీ అడిగింది, బోల్టులు అడిగింది. ఒక బోల్టు భర్త జేబులో చిక్కుకుని రాకపోతే, "కంగారు పడకురా, లోపలి గుడ్డ పట్టుకుని లాగు," అన్నారు బావగారు. భర్త లాగాడు. బోల్టు వచ్చింది. ఆవిడ తలెత్తి చూడలేదు. చూస్తే మళ్ళీ గోడా చెప్పులూ వెతుక్కుంటారని భయం. చక్రం తీసి, తిన్నగా నిలబెట్టి, మేకుతో ఒక గీత గీసి, బిగించింది. వీధి మలుపు దాకా వెళ్ళి వచ్చింది. చేతులు వదిలితే చక్రం నిటారుగా నిలిచి, కారు తిన్నగా పోయింది.

దిగాక సామానంతా ఆవిడే ఏరింది, సరీ బేసీ చూడకుండా. ఒక పెట్టెలో సర్ది, డిక్కీలో పెట్టి మూసింది. భర్త అన్న మొహం చూశాడు, అన్న తమ్ముడి మొహం చూశాడు. ఎవరూ అడ్డం చెప్పలేదు.

మర్నాడు అధికారి చక్రం వదిలించి చూశాడు, హారన్ నొక్కి చూశాడు. హారన్ మూత అంచున కొత్త గీతలు చూసి, ఈమధ్యే మరమ్మతు చేసినట్టున్నారు, ఏ షెడ్డులో చేయించారో రాయమని కాగితం ఇచ్చాడు. ఆవిడ మామగారి షెడ్డు పేరు రాసింది. మెకానిక్కు సంతకం అన్న చోట తన సంతకం చేసింది.

అధికారి చదివాడు. "ఈ షెడ్డు ఎప్పుడో మూసేశారనుకున్నానే. ముసలాయన చాలా మంచి పనివాడు. ఇప్పుడెవరు చూస్తున్నారు?"

"నేనేనండి," అంది ఆవిడ.