ధర రాయని చీటీలు

మోచేతుల దాకా కడుక్కుని, తడి తుడుచుకుని ఆయన రెల్లు కలం అందుకున్నాడు. చొక్కాలకు వేలాడే ధర చీటీ అంత అట్టముక్క. ఒకవైపు అల్లాకున్న తొంభై తొమ్మిది పేర్లలో ఒకటి రాయాలి. రెండోవైపు ధర గడి ఖాళీగా ఉంటుంది. తొంభై ఎనిమిది పేర్లు అయ్యాయి. మిగిలింది ఒక్కటే, 'ఓర్పు గలవాడు'.

"త్వరగా చిన్నాన్నా, నాలుగింటికి తెరుస్తున్నాం," అంది నిచ్చెన మీంచి అన్న కూతురు. మాల్ నడిమి హాల్లో ఆమె మొదటి కళాప్రదర్శన. చీటీలు దారాలకు తల ఎత్తున వేలాడుతున్నాయి.

"వచ్చినవాళ్లు తెంపుకుని పట్టుకెళ్లొచ్చు," అని అప్పుడు బయటపెట్టింది. "కొని కొని అలవాటైన చేతులు ధర లేనిదాన్ని ఎలా పట్టుకుంటాయో చూడాలి."

కలం ఆగింది. "కిందపడితే?"

"పడవులే."

"ముందే చెబితే రాసేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు," అంది, ముఖం తిప్పుకుని.

నలభై ఏళ్లు అచ్చాఫీసులో పెళ్లి కార్డులూ క్యాలెండర్లూ రాశాడు. అల్లా పేరున్న చిత్తుకాగితం ఒక్కటీ చెత్తబుట్టలో వేయలేదు. సంచిలో దాచి, పారే నీళ్లలో వదిలేవాడు. ఇప్పుడు వద్దంటే పిల్ల మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. చివరి పేరూ రాశాడు.

"కింద నేనుంటాలే," అన్నాడు. పొద్దుటి నుంచి ఎడమ భుజం గుంజుతోందని చెప్పలేదు.

నాలుగింటికి జనం విరగబడ్డారు. ఒకావిడ చీటీ తెంపి తిప్పి చూసింది. "దీంతో ఎంత తగ్గిస్తారు పెద్దాయనా?"

"కూపన్ కాదమ్మా. దాచుకోండి."

"దాచుకుని ఏం చేసుకోను!" వదిలేసింది. ఆయన గాల్లోనే పట్టుకున్నాడు. ఇంకొకటి బూటు అంచున, మరొకటి ట్రాలీ చక్రం ముందు. వంగడం, కళ్లకద్దుకుని జేబులో పెట్టుకోవడం, మళ్లీ వంగడం. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"కాసేపు కూర్చో చిన్నాన్నా!"

"ముందు ఈ కాళ్లన్నిటినీ కూర్చోమను."

ఎస్కలేటర్ దిగేచోట ఒక చీటీ పడింది. పైనుంచి గుంపు దిగుతోంది. ఆయన మోకాళ్ల మీద కూలబడి, అరచేత్తో దాన్ని కప్పాడు. నుదురు నేలకు ఆనింది. గుంపు రెండుగా చీలి పక్కలకు తప్పుకుంది.

ఆయన లేవలేదు.

ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని ఎవరో ఫోను ఎత్తారు. ఎవరో చప్పట్లు కొట్టారు. అన్న కూతురు జనాన్ని తోసుకుంటూ వచ్చి, పక్కన కూలబడి, చల్లబడుతున్న ఆ చేతిని ఎత్తింది. చీటీ మీద మడత కూడా పడలేదు.

స్ట్రెచర్ వెళ్లిపోయింది. చీటీలు వేలాడే చోటికి అవతల, నడిచేవాళ్లకు అడ్డం రాకుండా గోడవైపు తిప్పి ఆయన విడిచిన తోలు చెప్పుల జత, మడమల దగ్గర ఒకవైపే అరిగిపోయి, అలాగే ఉంది.