పదకొండో అధ్యాయంలో మూడు పేజీలు

"తీసుకెళ్ళనని నేనన్లేదు హైమా. ఆ మూడు పేజీలు తీసీసి ఇయ్యి, ఇప్పుడే పట్టుకెల్తాను" అన్నాడు మౌళి, బండి తాళం వేలికి తిప్పుకుంటూ.

పొద్దున్న కాఫీల దగ్గర మొదలైన గొడవ ఇడ్లీలు దాటింది, అతను ఆఫీసుకు బయల్దేరే వేళైనా తెగలేదు. చట్నీ గిన్నె పక్కన పెన్ డ్రైవ్ పడి ఉంది. ప్రేమ నవలల పోటీకి అచ్చు తీసిన ప్రతులు రెండు శనివారం లోపల పోస్టు చెయ్యాలి. అవాళ బుధవారం.

"తీసేస్తే ఎలాగండీ? నా నవల్లో వాళ్ళు పెళ్ళయిన మొగుడూ పెళ్ళాలే కదా" అంది హైమ.

"ఆ సంగతి జిరాక్సు షాపు తాతాజీకి తెలీదు కదా. మా ఆఫీసు కాయితాలన్నీ ఆడి దగ్గరే తీయిస్తాం. మిషన్లోంచి ఒక్కో పేజీ బయటికొస్తుంటే ఆడు సదువుతాడు. నా ఎదరే నిలబడి సదువుతాడు. అంతా అయ్యాక 'మేడంగారు బాగా రాసేరండీ' అంటాడు. అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావు?"

డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న కూతురు సాయిలక్ష్మి ప్లేటులోంచి తలెత్తకుండా అంది. "నాన్నా, ఆన్‌లైన్లో కథలు చూస్తే నువ్వు మొహం ఎక్కడా పెట్టుకోలేవు. అమ్మ రాసింది పత్యం కూడు."

"ఆ అధ్యాయం నేనే టైపు చేసుకున్నాను కదే. నువ్వెప్పుడు చూశావు?"

"ఫైలుకి పాస్‌వర్డ్ పెట్టింది నేనేనమ్మా."

మౌళి ఇక నిలబడలేదు. పెన్ డ్రైవ్ చట్నీ గిన్నె పక్కనే ఉండిపోయింది.

హైమకు మొగుడి మాట కన్నా కూతురి మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఇరవై ఏళ్ళుగా ఆమె రాసినవన్నీ వంటింటి కథలు. వాటిని మెచ్చుకుంటూ రాసే పాఠకురాలు ఒకామె, ఓసారి ఉత్తరం చివర, మీ కథల్లో మొగుడూ పెళ్ళాలు ఉప్పూ పప్పూ తప్ప ఇంకేం మాట్లాడుకోరా అని అడిగింది. ఆ ఒక్క ముక్కకే హైమ ఏడాదిన్నర కూర్చుని నవల రాసింది. ఏజెన్సీ కొండల్లో బడి టీచరు లోవలక్ష్మి, జీపు డ్రైవరు గోవింద్. వాన పడుతున్న సాయంత్రం, పెళ్ళయిన మూడో రోజున, వాళ్ళిద్దరూ మొదటిసారి ఒంటరిగా మిగలడం పదకొండో అధ్యాయం. ఆ మూడు పేజీలు ఎన్నిసార్లు తిరగరాసిందో లెక్క లేదు. ఒకసారి చదివితే ఎక్కువైనట్టుండేది, ఇంకోసారి చదివితే ఏమీ లేనట్టుండేది. ఇంత వయసొచ్చి, ఒక బిడ్డను కని, ఎంతవరకు రాయాలో తనకు తెలియకపోవడమే ఆమెకు సిగ్గుగా ఉంది.

మధ్యాహ్నం అత్తగారు వర్ధనమ్మ పిలిచింది. పది రోజుల కిందట విశాఖపట్నంలో ఆవిడ కంటికి శుక్లం తీశారు. నల్లద్దాలతో మంచం మీద గోడకు చేరబడి ఉంది. కొత్త కళ్ళజోడు వచ్చేదాకా చదవకూడదన్నారు. వారపత్రికలు లేకుండా ఆవిడకు పొద్దు గడవదు.

"ఆ రాసిందేదో నాకూ సదివి ఇనిపించు తల్లీ. పొద్దుట్నించీ దానికోసమే కదా దెబ్బలాడుకుంటన్నారు."

హైమ నోటుబుక్కు తెచ్చి చదివింది. వరండాలో మావగారు అప్పలనరసింహం పచార్లు చేస్తున్నారు. లెక్కల మాష్టారుగా రిటైరైన మనిషి, రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. ఈ మధ్య ఆయనకొక అలవాటైంది. కుడి చెయ్యి పిడికిలి బిగించి నడుస్తున్నారు. వేళ్ళు పట్టేస్తున్నాయేమో, డాక్టరుకు చూపించమని మౌళికి చెప్పాలనుకుంటూనే హైమ మర్చిపోతోంది.

"గోవింద్ తలుపు దగ్గరగా వేశాడు" అని చదివి, పేజీలు తిప్పేసి, "తెల్లారి లోవలక్ష్మి బడికి బయల్దేరింది" అని అందుకుంది.

"ఆగాగు. ఇప్పుడే కదా తలుపేసాడు, అంతలోనే తెల్లారిపోనాదేటి? మజ్జిలో ఏదో ఒగ్గీసావు."

"పేజీ అతుక్కుపోయిందత్తయ్యా."

"అతుక్కుంటే ఇడదియ్యి. కంటికి సేసేరు గానీ సెవులకి సెయ్యలేదు."

హైమ చదివింది. మెడ వెనక వేడిగా ఉంది. గొంతు ఎవరిదో అయిపోయింది. ముగిశాక తల ఎత్తలేదు.

వర్ధనమ్మ వీపు వెనక దిండు సర్దుకుంది. "తప్పేటీ లేదు. పెదాలన్నావు, నడుమన్నావు, వరసగా అన్నీ సెప్పీసావు. కానీ ఆడు గోవిందే అని నాకెలా తెలస్తాది? ఎవుడైనా అవ్వొచ్చు కదా."

"మరి ఎలా రాయాలత్తయ్యా?"

"నాకేటి తెలస్తాది తల్లీ, నానేవైనా రాసిందాన్నా? టైమెంతయ్యింది? నాలుగవుతాదేటి? మందెయ్యడానికి మీ మావయ్యగారొస్తారు."

ఆ మాట అంటూనే ఆవిడ వేళ్ళతో తడుముకుని చెవి పక్క వెంట్రుకలు వెనక్కి సర్దుకుంది. పైట సరిచేసుకుంది. హైమ అది చూసి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. తలుపు తీసే ఉంది, పొయ్యి దగ్గరికి మంచం కనపడుతోంది.

మావగారు లోపలికొచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కున్నారు. అప్పుడు పిడికిలి తెరిచారు. అందులో చుక్కల మందు సీసా ఉంది.

ఫ్రిజ్‌లో పెట్టాల్సిన మందు అది. మొదటి రోజు ఆ చల్లదనానికి అత్తగారు భుజాలు ముడుచుకోవడం హైమ కూడా చూసింది, చూసి మర్చిపోయింది. ఆ పెద్దాయన మర్చిపోలేదు. రోజుకు నాలుగుసార్లు, వేసే ముందు కాసేపు, సీసాను అరచేతిలో వెచ్చబెడుతూ వరండాలో తిరుగుతున్నారు.

ఆయన నల్లద్దాలు తీశారు. ఆవిడ తల వెనక్కి వాల్చింది. వేలితో కింది రెప్పను కొంచెం లాగి ఒక చుక్క వేశారు. ఆవిడ కాలి వేళ్ళు దుప్పటి మీద ముడుచుకుని, మెల్లగా విచ్చుకున్నాయి. చెయ్యి గాలిలో వెతికి ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

రెండో మందు వెయ్యడానికి ఐదు నిమిషాలు ఆగాలి. ఆయన లేవలేదు. బొటనవేలు ఆవిడ కణత మీదే ఉంది.

"వాన తెరిపిచ్చింది" అన్నారు ఆయన, కిటికీలోంచి బయటికి చూస్తూ, హైమ ఎన్నడూ వినని గొంతుతో. "పక్కింటి అచ్చియమ్మగారు బట్టలు తియ్యడం మరిసిపోయేరు. గోడ మీద పిల్లి కూకుంది. తడిసిపోయింది. నీకేసే సూస్తన్నాది."

"ఏ పిల్లి?"

"తెల్లది. సెవి తెగింది."

వర్ధనమ్మ కళ్ళు మూసుకునే నవ్వింది. అరవై ఎనిమిదేళ్ళ ముఖం అది. ఆ నవ్వులో వయసు ఎక్కడా కనపడలేదు. చొక్కా అంచు పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

చింతపల్లి ఘాట్ రోడ్డు ఎక్కుతూ మలుపు తిరగ్గానే లోయ కనపడితే ఊపిరి ఎలా ఆగిపోతుందో, హైమకు అలా ఆగింది. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటోంది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు "ఇదిగో" అనడం తప్ప ఇంకే పిలుపూ వినలేదు. ఇంత పెద్దది ఈ ఇంట్లోనే, తను రోజూ తుడిచే ఆ గదిలోనే ఉందా? టీ పొంగి పొయ్యి మీద పడింది. ఆమె చెయ్యి కదల్లేదు.

ఆ సాయంత్రం పాత మూడు పేజీలు చింపేసింది. చుక్కల మందు తన కథలోకి తీసుకోలేదు. అది వాళ్ళది. గోవింద్ ఏం చేస్తాడని ఆలోచించింది. జీపు గ్రీజు పోవడానికి అతను మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. పోయిందో లేదో వాసన చూడమని ఆమె ముందు చాచాడు. పోలేదు. ఆమె ఆ చేతుల్నే చెంపలకు ఆనించుకుంది. తర్వాత పెదాలూ వచ్చాయి, జాకెట్టు హుక్కులూ వచ్చాయి, నడుమూ వచ్చింది. ఏదీ ఆపబుద్ధి కాలేదు. ప్రతిదీ గోవింద్ చేతుల మీదుగానే వచ్చింది, కొంచెం గ్రీజు వాసనతో.

మర్నాడు సాయంత్రానికి తిరగరాయడమూ, టైపు చెయ్యడమూ అయిపోయాయి. ఎనిమిదింటికి అందరూ భోజనాలకు కూర్చున్నారు. మావగారు అందరికన్నా ముందు ముగించి, చెయ్యి కడుక్కుని, ఫ్రిజ్ తలుపు తీసి ఏదో పిడికిట్లో పెట్టుకుని వరండాలోకి వెళ్ళబోయారు.

"ఒక్క నిమిషం ఉండండి మావయ్యగారూ" అంది హైమ. ఆయన గుమ్మంలో ఆగారు. మౌళి అన్నంలో చెయ్యి ఆపాడు. సాయిలక్ష్మి ఫోన్ బోర్లించింది. నల్లద్దాల వెనక నుంచి వర్ధనమ్మ గొంతు వచ్చిన వైపు తిరిగింది.

హైమ మజ్జిగ గిన్నె కింద పెట్టి, రేపటి కూర ఏమిటో చెప్పినంత నెమ్మదిగా చెప్పింది.

"రేపు పొద్దున్న తాతాజీ దగ్గరికి ఆటోలో నేనే వెళ్తాను. పేజీలు మిషన్లోంచి వస్తుంటే పక్కనే నిలబడతాను. ఆ మూడు పేజీలు తియ్యలేదు, ఐదయ్యాయి. పైన పేరు నాదే ఉంటుంది."