గడ్డి మేస్త్రి

ఆయన పేరు గఫార్ అనుకున్నాను. ఆటగాళ్లంతా "గాఫర్, గాఫర్" అని పిలుస్తుంటే ఇంకేమనుకోవాలి? మా క్లబ్బు బస్సు నడిపే అబ్దుల్ ఘనీ అది విని పడీ పడీ నవ్వాడు.

"అరె రాజేశం భాయ్, ఆయన పేరు కాలిన్. ఇంగ్లండోళ్లు టీంను ఆడించే మేనేజర్‌ను గాఫర్ అంటరు. మన దగ్గర మేస్త్రి అన్నట్టు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. సౌదీలో, అల్ ఖోబర్‌లోని ఈ చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులో పద్నాలుగేళ్లుగా గడ్డికి మేస్త్రిని నేను. నిన్నగాక మొన్న వచ్చి ఈయన మేస్త్రి అయ్యాడు!

ఘనీ చెప్పిన మిగతా కథ నా కడుపుమంటను ఇంకా పెంచింది. పదహారేళ్లకే ఇంగ్లండులో ఒక క్లబ్బులో చేరాడట, పదిహేనేళ్లు డిఫెండర్‌గా ఆడాడట, మోకాలు పోతే మేనేజర్ అయ్యాడట. మూడు క్లబ్బులు వెళ్లగొట్టాయి. వెళ్లగొట్టిన ప్రతిసారీ ఇంకెవరో పిలిచారు. మోకాలు నాకూ పోయింది. నన్నెవరూ ఎక్కడికీ పిలవలేదు.

అదైనా ఓర్చుకునేవాణ్ణి. ఓర్చుకోలేనిది భూమేష్ సంగతి. నా కింద మోటర్లు, పైపులు చూసుకుంటాడు. నాది జగిత్యాల, వాడిది మెట్‌పల్లి. పనిలో పెట్టించింది నేనే. రోజూ సాయంత్రం అసర్ నమాజు వేళ దాటాక కాలిన్ మైదానంలోకి వచ్చి నేరుగా వాడి దగ్గరకే పోతాడు. ఇద్దరూ చేతులు తిప్పుకుంటూ మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు. నన్ను చూసి మాత్రం దూరం నుంచే తల వంచి వెళ్లిపోతాడు. ఆ తల వంచడం ఎవరిక్కావాలి?

"ఏమంటడురా?" అని అడిగితే, "ఏంలేదే అన్నా, గడ్డి మంచిగున్నదంటున్నడు" అంటాడు భూమేష్. పెంచింది నేను, మెప్పు వాడికి!

గురువారం మ్యాచ్. ఓడితే కాలిన్ ఉద్యోగం ఊడుతుందని క్లబ్బంతా అనుకుంటోంది. మధ్యాహ్నం భూమేష్ వచ్చాడు.

"అన్నా, ఆట సురువయ్యే అరగంట ముంగట నీళ్లు కొట్టాల్నట. తడి మీద బంతి జర్రున వోతదట. మనోళ్లు చిన్న చిన్న పాసులాడ్తరు గద."

"నాకు చెప్పనీకి ఆయనకు నోరు లేదా?"

వాడేదో చెప్పబోయాడు. నేను వినలేదు. మోటర్ గది తాళంచెవి నా జేబులో ఉంది. తర్వాత వాడు రెండుసార్లు వచ్చి అడిగాడు. "నేనే పెడ్త, నువ్వు పో" అన్నాను. పెట్టలేదు.

ఎండిన గడ్డి మీద మనవాళ్ల పాసులు సగంలోనే ఆగిపోయాయి. అవతలివాళ్లు పరుగెత్తుకొచ్చి అందుకున్నారు. రెండు సున్నాతో ఓడిపోయాం. నిజం చెప్పొద్దూ, రెండో గోలు పడ్డప్పుడు నాకు సంతోషమే అయింది.

శనివారం కాలిన్‌ను తీసేశారు. ఆదివారం సామాను బస్సులో పెట్టించి, ఘనీని వెంటబెట్టుకుని మైదానంలోకి వచ్చాడు. మొదటిసారి నేరుగా నా దగ్గరకు. భూమేష్ పక్కనే పైపు చుడుతున్నాడు. కాలిన్ చెయ్యి చాచి "గాఫర్" అన్నాడు. నన్నే.

తర్వాత ఇంగ్లీషులో చెప్పుకుపోతుంటే ఘనీ తెలుగులో అందుకున్నాడు. "పదహారేండ్లప్పుడు ఈయన గ్రౌండ్ ఊడ్చేటోడట. ఆడ గడ్డి చూసుకునే పెద్దాయనంటే అందరికీ దడనట. గ్రౌండ్ ఆయనది, సీదా పోయి హుకుం చెయ్యొద్దు, ఆయన మనిషితోని అడిగించాలె అని నేర్పిండ్రట. అందుకే రోజు భూమేష్‌ను అడుగుతుండె, మీ గాఫర్ ఇయ్యాల ఏమన్నడని."

నా చెయ్యి ఇంకా ఆయన చేతిలోనే ఉంది. కాలిన్ మరో మాట అడిగాడు.

"గురువారం నీళ్లు పెట్టలేదంటే గాఫర్‌కు ఏదో కారణం ఉంటదనుకున్నడట. ఏందో చెప్తే నేర్చుకుంటా అంటున్నడు భాయ్."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"మోటర్ ఖరాబైంది" అన్నాను.

ఘనీ ఇంగ్లీషులో చెప్పాడు. కాలిన్ తలూపి భూమేష్ వైపు చూశాడు. మోటర్లు ఎవరి పనో ఆయనకు తెలుసు. భూమేష్ పైపు చుట్టడం ఆపి నన్ను చూశాడు. తర్వాత ఆయన వైపు తిరిగి, "సారీ సార్" అన్నాడు.

బస్సు వెళ్లిపోయాక తాళంచెవి తీసి వాడికి ఇవ్వబోయాను.

"నీ తాననే ఉండనియ్ మేస్త్రీ" అన్నాడు.

అప్పటిదాకా వాడు నన్ను అన్నా అని పిలిచేవాడు.