గాటు పెట్టిన మూత

మా మగవాళ్ళు ప్రసంగాలు మొదలుపెడితే పొద్దెక్కడుందో చూసుకోరు. ఎప్పుడూ తిట్టుకునేదాన్ని. ఆ రోజు మాత్రం ఇంకా మాట్లాడండి నాయనా, గొంతు చించుకోండి అనుకుంటూ, మైదానం అంచున ఆపిన మా తెగ పెద్ద గిగ్మాయ్ సొంత పికప్పు బానెట్టు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. అది ఇంకా చురుక్కుమంటోంది.

మైదానం మధ్యలో గుంజకి నా పందిని కట్టేశారు. నా చేతి చిలగడదుంపలు తిని, నా పొయ్యి పక్కన పడుకుని పెరిగింది. తెగ బండి ఇంజను మాడ్చినందుకు నా మొగుడు ఊంబా కట్టాల్సిన తప్పు అదే. పందిని ఇచ్చుకున్నా వాడి స్టీరింగు తిరిగి రాదు. ఇక మీదట బండి వాడి చేతికి ఇచ్చేది లేదని ముందే తేల్చేశారు. చేతకాని డ్రైవరని పేరు పడితే మా లోయలో ఇంకెవరు పిలుస్తారు వాణ్ణి?

మాడ్చాడట! ఆ బండిని కన్నబిడ్డలా చూసుకున్నాడు మనిషి. కాఫీ పంట డబ్బులతో తెగ అంతా కలిసి కొన్న పికప్పు అది. అందరిదీ గనక ఎవరికీ పట్టేది కాదు. రేడియేటరు మూతకి అడుగునున్న రబ్బరు ఎండి, పగుళ్ళిచ్చింది. దాంతో మూత ఆవిరిని పట్టి ఉంచేది కాదు. డాలో కనుమ ఎక్కిన ప్రతిసారీ నీళ్ళు మరిగి పొంగేవి. కాఫీ బస్తాల మీద కూర్చున్న ఆడవాళ్ళం దిగి వాగుకి పరిగెత్తేవాళ్ళం. కొత్త మూత కొనమని ఊంబా ప్రతి కూటంలోనూ అడిగాడు. "చూద్దాంలే" అనేవారు. బీరు పెట్టెలకి మాత్రం ఆ మాట అనేవారు కాదు.

చివరికి నేనే కొన్నాను, సంతలో వేరుశెనక్కాయలమ్మి. పాతమూత మీదున్న ఒత్తిడి అంకె, కొత్తదాని మీద అంకె ఒకటేనా కాదా అని ఊంబా ఎండలో పెట్టి మరీ చూశాడు. అంకె పెరిగితే రేడియేటరే పగులుతుందట. నేను ఆకురాయి తెమ్మని, మూత అంచున ఒక గాటు, పక్కనే చిన్న గాటు పెట్టించాను. మా పందుల చెవులకి పెట్టే గుర్తు అదే.

"మూతకి చెవులేంటే, పిచ్చిదానా!" అని నవ్వాడు ఊంబా.

"మన ఊళ్ళో చెవుల్లేనివే ఎక్కువ పోతాయి" అన్నాను.

రోజూ తెల్లారి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఆ మూత తీసి, రబ్బరు తుడిచి, నీళ్ళు చూసి గానీ తాళం తిప్పేవాడు కాదు. ఆ ఒక్క సోమవారం తప్ప. ఆదివారాలు బండి గిగ్మాయ్ వాకిట్లో ఉండేది. గిగ్మాయ్ మా ఆయన పెదనాన్న కొడుకు, తెగకి పెద్ద, నాకు బావగారు. సొంతానికి అలాంటి పికప్పే ఒకటుంది ఆయనకి. ఊంబా బానెట్టు ఎత్తబోతే, "నేను చూశాన్రా, అన్నీ బావున్నాయి. కాఫీ కొనేవాడు వెళ్ళిపోతాడు, బయల్దేరు" అన్నాడు. పెద్దవాడు చూశానన్నాక మళ్ళీ ఎత్తి చూస్తే, నువ్వు అబద్ధాలకోరువని మొహం మీద అన్నట్టే. ఊంబా ఎత్తలేదు. వేడి చూపించే ముల్లు చచ్చి ఎన్నాళ్ళయిందో. కనుమ సగంలో ఇంజను బిగుసుకుపోయింది.

బండిని ఈడ్చుకొచ్చాక బానెట్టు ఎత్తింది నేను. పగుళ్ళ రబ్బరు మూత! గాటు లేదు, ఏమీ లేదు. ఊంబాకి చూపిస్తే మొహం తిప్పుకున్నాడు. "అన్న పెద్దవాడు. నోరు మూసుకో, వెరోనికా." ఆ మూత తీసి నా బిలుం సంచిలో పడేసుకున్నాను.

"ఏం వదినా, చలి కాచుకుంటున్నావా?" అని, మైదానం అంచున గిగ్మాయ్ బండికి ఆనుకున్న నన్ను చూసి ఒక కుర్రవెధవ ఇకిలించాడు. అప్పటికి బానెట్టు చల్లబడింది. ఎత్తి, గుడ్డ మడతపెట్టి, మూత నొక్కి తిప్పాను. అంచున పెద్ద గాటు. పక్కనే చిన్న గాటు.

నేరుగా మైదానం మధ్యకి నడిచాను. పంది చెవి పట్టుకుని పక్కన మూత పెట్టాను. "చూడండయ్యా! ఇది నా గుర్తు, ఇదీ నా గుర్తు. ఇది గిగ్మాయ్ బావగారి బండిలో ఎందుకుంది? ఆయన పాతమూత మనకి అంటగట్టబట్టే ఇంజను పోయింది!"

అందరూ చూశారు. చూడలేదని ఎవడైనా అంటే వాడి కళ్ళు పోవాలి. గిగ్మాయ్ గడ్డం గోక్కున్నాడు. ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"తల్లీ, బండి తెగది. మూత తెగ బండిది. గిగ్మాయ్ తెగవాడు. అన్నదమ్ముల మధ్య వస్తువు ఇటుది అటు వెళితే దొంగతనమంటామా? నడిపినవాడు చూసుకోవాలి."

"బండి అందరిదీ, మూత అందరిదీ. పంది మాత్రం నా ఒక్కదానిదా?"

ఊంబా నేల చూస్తున్నాడు. దుడ్డుకర్ర లేచింది. పంది ఒక్కసారే అరిచింది.

మాంసం పంచాక నా వాటా నాకూ ఇచ్చారు, అరిటాకులో చుట్టి. అప్పుడు గిగ్మాయ్ మంచి మనసు చేసుకుని అందరికీ వినపడేలా అన్నాడు. "ఊంబా, ఖాళీగా కూర్చోకురా తమ్ముడూ. ఇవాళ్టి నుంచి నా బండి నడుపు. ఈ మాంసం కనుమ అవతల మనవాళ్ళకి ఇచ్చిరా."

"అలాగే అన్నా" అన్నాడు ఊంబా. వాడి గొంతులో సంతోషం వినపడింది.

బానెట్టు ఎత్తి, మూత లేని రేడియేటరు వంక చూసి, నా వంక చూశాడు. నా సంచిలో మూతలు రెండున్నాయి. పాతది తీశాను. ఇది పెడితే కనుమ సగంలో గిగ్మాయ్ ఇంజనూ మాడిపోతుంది. ఎంత బావుంటుంది! కానీ స్టీరింగు దగ్గర ఉండేది ఊంబా. మళ్ళీ నడిపినవాడిదే తప్పంటారు. కట్టడానికి నా దగ్గర ఇంకో పంది లేదు.

పాతది సంచిలో వేసుకున్నాను. గాటున్న మూత తీసి, రబ్బరు నా గౌను అంచుతో తుడిచి, ఆ దొంగ బండికి నా చేత్తోనే పెట్టి, గట్టిగా నొక్కి తిప్పాను.